నడుము మీది భారం అందరం పంచుకుందాం
(వార్షిక సభలో తల్లీబిడ్డల ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఇలాంటి సభల్లో ఎన్ని ఆపరేషన్లకు సాయం చేశాం, ఎందరు పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాం అని చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ లెక్కలు కార్యదర్శిగారు మీ ముందుంచారు. మాకు కేటాయించిన కాసేపట్లో మేము ఒక చిన్న విషయం మాట్లాడదలచుకున్నాం. చిన్నది అని ఎందుకంటున్నామంటే, అందరూ దాన్ని అలాగే చూస్తారు కనుక. అది గర్భిణుల నడుము నొప్పి.

మగవాళ్లు ఇంతమంది ఉన్న సభలో ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మగవాళ్లు ఉన్నారు కాబట్టే చెబుతున్నాం. ఈ నొప్పికి మందు సగం ఆమె చేతుల్లో ఉంటే, మిగతా సగం ఇంట్లోవాళ్ల చేతుల్లో, మన చేతుల్లో ఉంది.

గర్భవతులైన స్త్రీలలో సగం మందికి పైగా ఏదో ఒక దశలో నడుము నొప్పితో బాధపడతారు. చాలామందికి అయిదో నెల దాటాక మొదలవుతుంది, కొందరికి ఇంకా ముందే వస్తుంది. ఇంత మందికి వచ్చేది కాబట్టే ఇంట్లో దానికి విలువ ఉండదు. "మేము ఏడెనిమిది మందిని కన్నాం, ఇలా ఏనాడైనా మూలిగామా?" అని అత్తగారు అంటారు. ఆ అత్తగారికీ ఆ రోజుల్లో నొప్పి ఉండే ఉంటుంది. అడిగినవాళ్లు లేక చెప్పుకోలేదు, అంతే. మరి కొన్ని ఇళ్లలో దీనికి పూర్తి విరుద్ధం. వెన్నుపూస అరిగిపోయిందని భయపడి ఎక్స్‌రే తీయమంటారు, మందుల షాపుకి వెళ్లి బిళ్లలు తెస్తారు. కొట్టిపారేయడమూ తప్పే, హడలిపోవడమూ తప్పే.

నొప్పి ఎందుకు వస్తుంది?

నీళ్ల బిందె చంకన పెట్టుకున్న మనిషిని గమనించండి. బిందె ఒక వైపు ఉంటే ఒళ్లు రెండో వైపుకి ఒరుగుతుంది. లేకపోతే నిలబడలేం. గర్భిణికి బరువు ముందు వైపు పెరుగుతుంది కాబట్టి ఆమె తెలియకుండానే వెనక్కి వాలుతుంది. నడుము దగ్గరి వంపు ఎక్కువవుతుంది, అక్కడి కండరాలు పగలంతా బిగుసుకునే ఉంటాయి.

ఆ బరువు ఎంతో కూడా చెప్పుకుందాం. మామూలు రోజుల్లో గర్భసంచి బరువు 60, 70 గ్రాములు. నెలలు నిండేసరికి అదొక్కటే సుమారు 1 కిలో అవుతుంది. బిడ్డ రెండున్నర నుంచి మూడు కిలోలు. మాయ అర కిలో, ఉమ్మనీరు లీటరుకు దగ్గరగా. ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. మొత్తం మీద ఆరోగ్యవంతురాలైన తల్లి 10 నుంచి 12 కిలోలు బరువు పెరుగుతుంది. బిందెనైతే గడప దగ్గర దించవచ్చు. ఈ బరువును నిద్రలో కూడా దించలేం.

రెండో కారణం కీళ్లు. కాన్పుకు దారి ఇవ్వడం కోసం హార్మోన్ల ప్రభావంతో కటి ఎముకలను కలిపి ఉంచే బంధనాలు వదులవుతాయి. మూడో కారణం పొట్ట కండరాలు. మామూలుగా నడుముకు ముందు నుంచి దన్నుగా ఉండేవి అవే. అవి సాగిపోవడంతో పని అంతా వెనుక కండరాల మీద పడుతుంది. కాబట్టి ఈ నొప్పి చాలావరకు రోగం కాదు. మోయలేని భారం మోస్తున్నామని ఒళ్లు చెబుతున్న మాట.

నొప్పి రెండు చోట్ల వస్తుంది. ఒకటి నడుము మధ్యలో. ఎక్కువసేపు నిలబడినా, వంగి పని చేసినా పెరుగుతుంది. రెండోది ఇంకా కింద, పిరుదుల పైన గుంటలు పడే చోట, కొందరికి ముందు వైపు పొత్తికడుపు కింది ఎముక దగ్గర. ఇది మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు, ఒంటి కాలి మీద నిలబడి సల్వార్ తొడుక్కునేటప్పుడు కలుక్కుమంటుంది. ఈ రెండో రకం ఉన్నవాళ్లు కూర్చుని బట్టలు తొడుక్కోవాలి, మెట్లు ఒక్కొక్కటిగా రెండు కాళ్లూ కలిపి ఎక్కాలి, కాళ్లు బాగా ఎడం చేసే పనులు మానుకోవాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి

పడుకోవడంతో మొదలుపెడదాం. ఏడో నెల నుంచి వెల్లకిలా పడుకోకూడదు. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు రక్త సరఫరా తగ్గే అవకాశం ఉంది. కుడి ఎడమల్లో ఏ పక్కకైనా తిరిగి పడుకోవచ్చు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద మడిచిన దుప్పటి పెట్టుకుంటే నడుము మీద లాగుడు తగ్గుతుంది. లేచేటప్పుడు ఒక్క ఉదుటున లేవకూడదు. మోకాళ్లు రెండూ కలిపి పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించి, చేతులతో ఆని మెల్లగా లేవాలి.

కూర్చునేటప్పుడు వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ కావాలి. నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టగా చుట్టి పెట్టుకోవాలి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. వంటగట్టు దగ్గర నిలబడి పని చేసేటప్పుడు ఒక చిన్న పీట మీద ఒక కాలు పెట్టి, కాసేపటికి రెండో కాలు మార్చుకుంటే నడుముకు తెరిపి. మడమ ఎత్తు చెప్పులు వద్దు. వంగి ఊడ్చే పొట్టి చీపురు బదులు పొడుగు కర్ర ఉన్నది వాడాలి. కింద కూర్చునే మరుగుదొడ్డిలో లేవలేకపోతే పైన వేసుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది.

బరువులు ఆమె చేత ఎత్తించవద్దు. మంచినీళ్ల క్యాన్ 20 లీటర్లంటే 20 కిలోలు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు. ఇవి ఆమె ముట్టుకోవలసినవి కావు. చిన్న వస్తువు తీయాల్సి వచ్చినా నడుము వంచకుండా మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి.

ఇక వ్యాయామం. నొప్పి ఉంటే మంచం దిగకూడదని చాలామంది నమ్మకం. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అది మేలు చేయదు. కదలకపోతే కండరాలు ఇంకా బలహీనపడతాయి. గర్భిణులు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే నడుము నొప్పి, కటి నొప్పి రాకుండా కాపాడుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సిఫారసుల్లో ఉంది. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు మాట్లాడుకుంటూ నడవగలిగే వేగంతో నడిస్తే చాలు.

దానికి తోడు రెండు తేలికైన వ్యాయామాలు ఉన్నాయి. మొదటిది, వీపు గోడకు ఆనించి, మడమలు కాస్త ముందుకు పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. నడుముకూ గోడకూ మధ్య ఉన్న సందు మూసుకునేలా పొట్టను లోపలికి తీసుకుని, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. రెండోది, అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి వీపును బల్లలా సమంగా ఉంచాలి. ఊపిరి వదులుతూ నడుమును పైకి గుండ్రంగా లేపి, తిరిగి సమంగా తేవాలి. కిందికి జారవిడవకూడదు. ఒక్కొక్కటి పదిసార్లు చేయాలి. రక్తస్రావం అయినవాళ్లు, మాయ కిందికి ఉందని చెప్పినవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్లు, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

గోరువెచ్చని నీళ్ల సంచి నడుముకు పావుగంట పెట్టుకోవచ్చు, పొట్టకు మాత్రం పెట్టవద్దు. వీపు మీద మెల్లగా నూనె రాయించుకోవచ్చు. కానీ పొట్టను నొక్కి రుద్దడం, బిడ్డను సర్దుతామని ఒత్తడం ప్రమాదకరం. నడుము పట్టీ కొందరికి ఉపశమనం ఇస్తుంది. సరైన కొలతది తీసుకుని నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు పెట్టుకుని, కూర్చున్నప్పుడు తీసేయాలి.

నమాజు విషయం మా దగ్గరకు వచ్చే చెల్లెళ్లు తప్పకుండా అడుగుతారు. రుకూలో నొప్పి వస్తోంది, సజ్దా నుంచి లేవలేకపోతున్నాను, ఏం చేయాలి అని. కష్టం ఉన్నవారికి కూర్చుని చదువుకునే సడలింపు మన ధర్మంలో ఉంది. గర్భిణి తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడితే రోజాలు తర్వాత పూర్తి చేసుకునే వీలూ ఉంది. వివరాలు తెలిసిన ఆలిమును అడగండి. ఇచ్చిన సడలింపును వాడుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు, చూసేవాళ్లు వంక పెట్టవలసిన పనీ లేదు.

మందుల షాపు వైపు వెళ్లే ముందు

నడుము నొప్పికి షాపులో అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రొఫెన్. గర్భిణి వీటిని సొంతంగా వేసుకోకూడదు. ముఖ్యంగా 20 వారాలు దాటాక ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పని చేసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి ఒక ముఖ్యమైన రక్తనాళాన్ని పుట్టకముందే మూసుకుపోయేలా చేయవచ్చు. వేరేవాళ్లకు రాసిన బిళ్ల ఈమెకు ఇవ్వవద్దు. పూసుకునే నొప్పి మందుల్లోనూ ఇవే ఉండవచ్చు కాబట్టి అవీ అడిగే వాడాలి. తప్పనిసరైతే పారాసిటమాల్ ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెబుతారు.

ఇప్పుడు చెప్పేది ప్రతి ఇంట్లో గుర్తుండాలి. కొన్ని నొప్పులు మామూలు నడుము నొప్పి కావు. నెలలు నిండకముందే నొప్పి అలలు అలలుగా, ఒక లెక్కగా వచ్చిపోతుంటే అది ముందుగా వచ్చే కాన్పు నొప్పి కావచ్చు. రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా ఆగవద్దు. చలి జ్వరం, మూత్రంలో మంట, పక్కటెముకల కింద ఒక వైపు నొప్పి కలిసి వస్తే మూత్రపిండాలకు ఇన్‌ఫెక్షన్ సోకి ఉండవచ్చు. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం, మలం అదుపు తప్పినా నరాల మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపులో నొప్పి ఉంటే బీపీ చూపించాలి. బిడ్డ కదలికలు తగ్గినా అంతే. వీటిలో ఏది కనబడినా తెల్లవారనిద్దామని, ఆయన దుకాణం నుంచి రానిద్దామని చూడవద్దు. 108కి ఫోన్ చేయండి.

మరో అపోహ గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్ కాన్పుకు వెన్నులో ఇచ్చే సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపరం ఉండవచ్చు. దీర్ఘకాలపు నొప్పికి ఆ సూదే కారణమని మాత్రం పరిశోధనల్లో తేలలేదు. కాన్పు తర్వాత వంగి పాలివ్వడం, బలం కోల్పోయిన పొట్ట కండరాలను పట్టించుకోకపోవడం, బిడ్డను ఎత్తుకునే వెంటనే ఇంటి చాకిరీలోకి దిగడం, వీటి వైపు చూడండి. ఆ సూదికి భయపడి అవసరమైన ఆపరేషన్‌ను ఆలస్యం చేయడం తల్లికీ బిడ్డకూ ముప్పు.

విశ్రాంతికి ఖరీదు ఎవరు కడతారు?

ఇప్పటిదాకా చెప్పింది వైద్యం. ఇక మీతో నేరుగా మాట్లాడవలసిన మాట.

నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు వేలమంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు. కాళ్లు మడుచుకుని, మెడ వంచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేల మీదే కూర్చుంటారు. కూలి రోజుకింత అని కాదు, వెయ్యి బీడీలకు ఇంత అని. పట్టణాల్లో మిషన్ కుట్టే చెల్లెళ్లదీ ఇదే లెక్క. వీపుకు ఆనుడు లేని స్టూలు మీద కూర్చుని కాలితో తొక్కుతూ కుడితేనే జాకెట్టుకు ఇంత అని వస్తుంది. అలాంటి మనిషితో "కాస్త విశ్రాంతి తీసుకో అమ్మా" అని మేము చీటీ మీద రాసి పంపుతాం. ఆమె తల ఊపి వెళ్లిపోతుంది. ఇంటికి వెళ్లి మళ్లీ చాట ముందు పెట్టుకుంటుంది. మా మాట అర్థం కాక కాదు. ఆమె లేచి నాలుగు అడుగులు వేసిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. మేము ఉచితంగా రాసిన సలహాకు ఆమె డబ్బు కట్టవలసి వస్తోంది.

కాబట్టి దాతలను మేము పెద్ద యంత్రాలు అడగడం లేదు. అడుగుతున్నవి ఇవి. మొదటిది, చివరి రెండు నెలలు కూలి పని ఆపినా ఇల్లు గడిచేలా పేద గర్భిణి ఇంటికి రేషన్. జకాత్‌కు అర్హులైన కుటుంబాలకు దాని నుంచి, మిగతావారికి సదఖా నుంచి ఇవ్వవచ్చు. రెండోది, మిషన్ కుట్టేవాళ్లకు వీపు ఆనుకునే కుర్చీ, మిషన్‌కు బిగించే చిన్న మోటారు. మూడోది, మన శిబిరాలకు వచ్చే గర్భిణులు గంటల తరబడి నిలబడకుండా ఆనుడున్న కుర్చీలు. ఒక దావత్‌లో ఒక దేగ్ బిర్యానీకి అయ్యే ఖర్చుతో పది కుర్చీలు వస్తాయి. నాలుగోది, వ్యాయామాలు దగ్గరుండి నేర్పే మహిళా ఫిజియోథెరపిస్టుకు నెలకు రెండు పూటల ఖర్చు. అయిదోది, ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఆటో చార్జీలు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016లో మొదలైన ఈ ఏర్పాటు మంచిదే. పరీక్ష ఉచితమైనా అక్కడికి చేరడం ఉచితం కాదు. ఎగుడుదిగుడు దారిలో కిక్కిరిసిన బస్సులో వెళ్లమంటే నడుము నొప్పి ఉన్నామె మానేస్తుంది. మానేసిన ఆ పరీక్షలోనే పెరిగిన బీపీ బయటపడవలసి ఉండవచ్చు.

డబ్బు ఇవ్వలేనివారు కూడా ఇవ్వగలిగింది ఉంది. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో కుటుంబానికి తోడ్పడేవారని హదీసుల ద్వారా మనకు తెలుసు. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లిన సోదరులు నీళ్ల క్యాన్ తామే ఎత్తి పెట్టండి. బట్టల బకెట్టు మేడ మీదికి మీరే మోయండి. పెద్ద పిల్లవాణ్ణి మీరు ఎత్తుకోండి. అత్తగార్లకు మా విన్నపం, "నొప్పిగా ఉంది అమ్మీ" అని కోడలు అన్నప్పుడు, "ఎక్కడ, ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ జవాబులో జ్వరం ఉందో, నొప్పి వచ్చిపోతోందో తెలుస్తుంది. ఒక్కోసారి ఆ ప్రశ్న రెండు ప్రాణాలను కాపాడుతుంది.

బిడ్డ పుట్టినప్పుడు మిఠాయి అందరం పంచుకుంటాం. బరువు మాత్రం తొమ్మిది నెలలు ఆమె ఒక్కతే మోస్తుంది. కడుపులో బరువును మనం తీసుకోలేం. చేతిలో బరువును తీసుకోగలం, నెత్తి మీద బరువును తీసుకోగలం, రేపటి కూలి ఎలా అన్న బరువును ఈ సంస్థ ద్వారా తీసుకోగలం.

మీరు ఇచ్చిన ప్రతి పైసానూ అల్లాహ్ స్వీకరించుగాక. గర్భంతో ఉన్న ప్రతి చెల్లెలికీ సుఖప్రసవం, ఆరోగ్యవంతమైన సంతానం ప్రసాదించుగాక. ఆమీన్.